చెనిక్కాయ ఊడ, చీనీ అంటు, ఎర్రచందనం చేవ: మొక్కలో ఏ కణజాలం ఏం చేస్తుంది?

అనంతపురం జిల్లాలో టిష్యూ అనే మాట బడిలో కంటే అరటితోటల్లోనే ఎక్కువ వినబడుతుంది. పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు రైతును కదిలిస్తే "ఈసారి పిలకలు కాదు, టిష్యూ పెట్టినాం" అంటాడు. చిన్న ప్లాస్టిక్ సంచుల్లో నర్సరీ నుంచి దిగే జి-9 అరటి మొక్కలకు అక్కడ అదే వాడుక పేరు. ఆ ఇంట్లోనే తొమ్మిదో తరగతి పిల్ల "కణజాలం" అనే పాఠాన్ని బట్టీ పడుతూ ఉంటుంది. నాన్న నోట్లో టిష్యూ, కూతురి పుస్తకంలో కణజాలం ఒకటేనని చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు.

ఒకే రకం పుట్టుక ఉండి, కలిసి ఒకే పని చేసే కణాల గుంపును కణజాలం అంటారు. పాఠ్యపుస్తకం మొక్కల కణజాలాలను నాలుగుగా విడదీస్తుంది: పెరిగేవి విభాజ్య కణజాలాలు, పైన కప్పేవి త్వచ కణజాలాలు, లోపల నింపి నిలబెట్టేవి సంధాయక కణజాలాలు, నీళ్లూ తిండీ మోసేవి ప్రసరణ కణజాలాలు. విభజనలో తప్పేమీ లేదు. కానీ పట్టికగా నేర్చుకున్నది పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతాం. పట్టిక కంటే రెండు ప్రశ్నలు మేలు. ఈ కణం ఇంకా చీలి రెండు కాగలదా? ఇది బతికుండి పనిచేస్తుందా, చచ్చిపోయాక పనిచేస్తుందా? ఈ రెండూ అడిగితే మిగతా పేర్లు వాటంతటవే ఒక వరుసలో కూర్చుంటాయి. రాయలసీమ పొలాల్లో చేసే పనులు చాలావరకు ఈ ప్రశ్నలకు జవాబులే.

మొదట టిష్యూ అరటి సంగతి. అరటి పిలక తీసుకుని, ఆకుతొడుగులు ఒక్కొక్కటే ఒలుచుకుంటూ పోతే చివరికి నడిమధ్యన ఒక చిన్న తెల్లటి మొన మిగులుతుంది. అదే అగ్ర విభాజ్య కణజాలం. అక్కడి కణాలు చిన్నవి, గోడలు పలుచన, లోపల జీవపదార్థం చిక్కగా, కేంద్రకం పెద్దగా ఉంటుంది. వాటి పనల్లా చీలడమే. అవి వదిలిన కణాలే తర్వాత ఆకులుగా, కాండంగా, గెలగా మారతాయి. వేరు కొసన కూడా ఇలాంటి మొనే ఉంటుంది, మట్టిలో దూరేటప్పుడు నలిగిపోకుండా దానికి ఒక తొడుగు అదనం.

ల్యాబులో ఈ మొననే పోషకాలు, హార్మోన్లు కలిపిన మాధ్యమంలో పెట్టి ఒకటిని వందలు చేస్తారు. ఆ పనికి నేటికీ ఎక్కువగా వాడే మాధ్యమం మురషిగె, స్కూగ్ అనే ఇద్దరు 1962లో ప్రకటించిన మిశ్రమం. అంతకు పదేళ్ల ముందే, 1952లో, ఫ్రాన్స్‌లో మోరెల్, మార్టిన్‌లు వైరస్ పట్టిన డాలియా మొక్క నుంచి ఇలాంటి మొనను తీసి, వైరస్ లేని మొక్కను పెంచి చూపించారు. కారణం కణజాలంలోనే ఉంది. మొక్క ఒంట్లో వైరస్ దూరప్రయాణం చేసేది తిండి మోసే నాళాల్లో. మొన చివర్లో ఆ నాళాలు ఇంకా ఏర్పడి ఉండవు, కాబట్టి వైరస్ అక్కడికి సులువుగా చేరలేదు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. టిష్యూ మొక్క అంటే తెగులు రాని మొక్క అని చాలామంది నమ్మకం. అది శుభ్రంగా మొదలైన మొక్క, అంతే. అదీ తల్లిమొక్కకు వైరస్ పరీక్ష సరిగ్గా చేసి ఉంటేనే. పొలంలోకి వచ్చాక వైరస్‌ను మోసుకొచ్చే పేనుబంక పురుగు దానిమీద వాలకూడదని రూలేమీ లేదు.

పూత పైన, కాత కింద

విభాజ్య కణజాలం మొనల్లోనే ఉంటుందనుకుంటే చెనిక్కాయ ఒప్పుకోదు. వేరుశనగను అనంతపురంలో చెనిక్కాయ అనే అంటారు, ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ ఎర్రనేలలో తరాలుగా నిలిచిన పంట అది. దాని పసుపుపచ్చ పువ్వు పొద్దున్నే విచ్చుకుని అదే రోజు వాడిపోతుంది. చూసేవాళ్లకు కథ అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఆకు పంగలో దాగిన అండాశయం కింద ఒక కణాల పట్టీ మేలుకుంటుంది. అదే మధ్యస్థ విభాజ్య కణజాలం. కొసన కాకుండా కొసకు కాస్త వెనక ఉండి, ముందున్న అండాశయాన్ని తోసుకుంటూ పోవడం దాని ప్రత్యేకత. వారం రోజుల్లో ఊదారంగు సూదిలాంటిది కిందికి వేలాడుతుంది. రైతు దాన్ని ఊడ అంటాడు.

తెలుగులో మర్రికీ ఊడే, చెనిక్కాయకూ ఊడే. రెండూ పైనుంచి దిగి నేల తాకేవే కాబట్టి పేరు కుదిరింది. లోపల మాత్రం రెండూ వేరు. మర్రి ఊడ నిజంగా వేరు. నేలలో పట్టు దొరికాక అడ్డంగా లావెక్కి మాను అవుతుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను అలాంటి ఊడల మీదే ఎకరాల కొద్దీ పరుచుకుని నిలబడి ఉంది. చెనిక్కాయ ఊడ వేరు కాదు, లోపలి నిర్మాణం చూస్తే కాండానికే దగ్గర. తన కొసలో గింజ కాబోయే అండాలను మోసుకుని మట్టిలోకి దూరుతుంది. నేలలో కొన్ని సెంటీమీటర్లు దిగి, చీకటి తగిలాక, పొడుగు పెరగడం ఆపి, అడ్డంగా తిరిగి ఊరడం మొదలుపెడుతుంది. చీకటి దొరకని ఊడ కాయ కాదు. మొక్క పైకొమ్మల్లో పూసిన పూల ఊడలు నేల దాకా రాలేక గాల్లోనే ఎండిపోవడం ఏ చేన్లో చూసినా కనిపిస్తుంది.

ఊడలు దిగే దశలో వాన పడకపోతే రైతుకు టెన్షన్ పెరిగేది ఇందుకే. ఎర్రమట్టి పైన పెచ్చు కడితే ఊడ మొన లోపలికి దిగలేదు. ఆ దశ మొదలయ్యాక చేన్లో గుంటక తోలకూడదని పెద్దలు చెప్పేదీ ఇందుకే. దిగిన ఊడ ఒకసారి కదిలిందంటే కాయ పోయినట్టే.

అసలు విచిత్రం ఇంకా లోపల ఉంది. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్క మొదట్లో వేసి మట్టి ఎగదోయమని వ్యవసాయ శాఖ చెబుతుంది. జిప్సంలో ఉండేది సున్నం (కాల్షియం), గంధకం. సున్నం వేరుకు అందితే సరిపోదా, కాయల దగ్గరే ఎందుకు వేయాలి? దీనికి జవాబు రెండు ప్రసరణ కణజాలాల మధ్య తేడాలో దొరుకుతుంది.

వేరు నుంచి నీటినీ, అందులో కరిగిన ఖనిజాలనూ పైకి తీసుకుపోయేది దారువు. ఆకులో తయారైన చక్కెరను కావలసిన చోటికి పంపేది పోషక కణజాలం. సున్నం దారువులో నీటితో పాటు పోతుంది, పోషక కణజాలంలో మాత్రం దాదాపుగా కదలదు. అంటే ఒకసారి ఆకులో చేరిన సున్నం అక్కడే ఉండిపోతుంది. ఇక దారువులో నీళ్లు ఎటు లాగితే అటు పోతాయి, లాగేది ఆవిరవుతున్న ఆకు. నేలలో ఉన్న కాయ నుంచి నీరు ఆవిరి కాదు, కాబట్టి దారువులోని నీరు దానివైపు పెద్దగా పోదు. చక్కెర, నూనెకు కావలసిన సరుకు పోషక కణజాలం దించిపెడుతుంది కానీ సున్నం దించలేదు. అందుకే ఊడ, కాయ తమ పైపొర గుండా చుట్టూ ఉన్న తడిమట్టి నుంచే సున్నం పీల్చుకుంటాయి. ఆ మట్టిలో సున్నం లేకపోతే ఆకు పచ్చగానే ఉంటుంది, కాయ మాత్రం తాలు. ఊపితే లొటలొటలాడుతుంది, పగలగొడితే ఏమీ ఉండదు.

పత్తికొండ వైపు టమోటా కాయ అడుగున నల్లబడి కుళ్లినట్టు అవడం వెనకా ఇదే లెక్క ఉంది. కాయ నుంచి ఆవిరి తక్కువ, కాబట్టి దానికి చేరే సున్నమూ తక్కువ. తడి ఒకరోజు ఎక్కువై, ఒకరోజు లేకపోతే ఆ కాస్త కూడా అందదు. మందుల షాపుకు పోయేముందు నీళ్లు ఎలా పెడుతున్నామో చూసుకోవడం మంచిది.

చచ్చి మోసేది, బతికి మోసేది

దారువు, పోషక కణజాలం అనే రెంటికీ శాస్త్రంలో వాడే జైలం, ఫ్లోయం అనే పేర్లు పెట్టింది కార్ల్ నేగెలి, 1858లో. పక్కపక్కనే ఉండే ఈ జంటలో ఒకటి చచ్చి పనిచేస్తుంది, ఇంకొకటి బతికి. దారునాళం తయారయ్యేటప్పుడు కణాల గోడల మీద లిగ్నిన్ అనే గట్టి పదార్థం పేరుకుంటుంది. తర్వాత లోపలి జీవపదార్థం కరిగిపోతుంది, ఒకదానిమీద ఒకటి ఉన్న కణాల మధ్య అడ్డుగోడలు తెరుచుకుంటాయి. మిగిలేది బోలు గొట్టం. చిన్నపాటి బోరు కేసింగ్ పైపు అనుకోవచ్చు, కాకపోతే దీనికి మోటారు లేదు. ఆకు రంధ్రాల నుంచి నీరు ఆవిరైన కొద్దీ పైనుంచి లాగుడు పుడుతుంది, నీటి అణువులు ఒకదాన్నొకటి వదలవు కాబట్టి వేరు దాకా ఉన్న నీటి తీగ మొత్తం కదులుతుంది. ఈ వివరణను డిక్సన్, జోలీ 1894లో ముందుకు తెచ్చారు. ఎండలు మరీ మండి, నేలలో తడి బాగా అడుగంటితే లాగుడు ఎక్కువై ఆ తీగ తెగుతుంది, గొట్టంలో గాలిబుడగ చేరుతుంది. గాలి పట్టిన బోరులాగే ఆ నాళం కూడా పనికిరాదు. అలాంటివి ఎక్కువైతే కొమ్మ ఎండిపోతుంది.

పోషక కణజాలంలోని చాలనీ నాళాలు బతికే ఉంటాయి కానీ వాటికి కేంద్రకం ఉండదు. పక్కనే అంటిపెట్టుకుని ఉండే సహకణం రెండింటి సంసారమూ నడుపుతుంది. చాలనీ అంటే జల్లెడ. అడ్డుగోడల మీద జల్లెడలాంటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఆకులో చక్కెర చేరినచోట నీరు చేరి ఒత్తిడి పెరుగుతుంది, వాడుకునేచోట తగ్గుతుంది, ఆ తేడాతో రసం పారుతుంది. ఇది మ్యూంక్ 1930లో చెప్పిన సిద్ధాంతం.

ఈ రెంటి మధ్య కాంబియం అనే సన్నని పొర ఉంటుంది. పార్శ్వ విభాజ్య కణజాలం అంటే ఇదే. లోపలివైపు దారువునూ, బయటివైపు పోషక కణజాలాన్నీ పేర్చుకుంటూ చెట్టును లావు చేస్తుంది. కంటికి సరిగ్గా కనిపించని ఈ పొర మీదే అనంతపురం చీనీ (బత్తాయి) తోటలన్నీ నిలబడి ఉన్నాయంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. చీనీని విత్తనంతో పెంచరు. రంగపూర్ నిమ్మ లాంటి నాటు మొక్క కాండం మీద టి ఆకారంలో గాటు పెట్టి, బెరడు విప్పి, మంచి చీనీచెట్టు నుంచి కోసిన కన్నును అందులోకి జొనిపి ప్లాస్టిక్ పట్టీ చుడతారు. బెరడు సులువుగా విడిపోయే చోటే కాంబియం ఉంటుంది. అక్కడి లేత కణాలు చీలి రెండు ముక్కలనూ అతుకుతాయి, తర్వాత నాళాలు నాళాలతో కలుస్తాయి. మొక్కలో రసం లేని రోజుల్లో బెరడు విడిపోదు, అంటూ పట్టదు. అంటు కట్టేవాళ్లు కత్తి తీసే ముందు గోటితో బెరడు గీరి చూసేది కాంబియం చురుగ్గా ఉందా లేదా అనే. అరటి, జొన్న, కొబ్బరికి అంటు కట్టే మాటే ఎత్తరు. వాటిలో నాళాల కట్టలు కాండమంతా చెల్లాచెదురుగా ఉంటాయి, వాటి మధ్య కాంబియం ఉండదు.

చీనీ రైతును భయపెట్టే బంక తెగులు కూడా కణజాలాల కథే. చెట్టు మొదలు దగ్గర తడి నిలిచినచోట ఫైటోఫ్తొరా అనే సూక్ష్మజీవి బెరడులోకి చేరి పోషక కణజాలాన్నీ కాంబియాన్నీ కుళ్లబెడుతుంది. దారువు లోపల ఉంటుంది కాబట్టి నీళ్లు పైకి పోతూనే ఉంటాయి, చెట్టు కొన్నాళ్లు బాగానే కనబడుతుంది. ఆకుల్లో తయారైన చక్కెర మాత్రం వేళ్లకు దిగే దారి మూసుకుపోయి పైనే నిలిచిపోతుంది. దాంతో ఆ ఏడు విరగబూసి విరగకాస్తుంది. పంట చూసి మురిసిపోయిన మరుసటి ఏడాది, ఆకలికి మాడిన వేళ్లు చచ్చి చెట్టు తల వేలాడేస్తుంది. చచ్చే ముందు చెట్టు బాగా కాస్తుందనే ఊరి మాటకు ఆధారం ఇది. అంటు భాగం నేలకు పైన ఉండాలనీ, నీళ్లు మొదలుకు తగలకూడదనీ, మొదలుకు బోర్డో పేస్టు పూయాలనీ చెప్పేదంతా ఆ బెరడును కాపాడటానికే.

కడప వైపు పోతే శేషాచలం, లంకమల, పాలకొండల్లో దారువు ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఎర్రచందనం మాను కోస్తే బయట తెల్లటి చెక్క, లోపల నెత్తుటి ఎరుపు. తెల్లది ఇంకా నీళ్లు మోస్తున్న దారువు. ఎర్రది చేవ. అక్కడ మిగిలి ఉన్న కొద్ది సజీవ కణాలూ చచ్చిపోయి, నాళాలు మూసుకుపోయి, శాంటలిన్ లాంటి రంగు పదార్థాలు పేరుకుని ఉంటాయి. లోకమంతా వెంటపడేది ఆ చేవ కోసమే. అది ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి నరికిన చెట్టుకు బదులు చెట్టు మన ఎదుట తయారు కాదు. 1995 నుంచి ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం కింద అదుపు ఉంది. చేవ చెట్టుకు బలం ఇస్తుంది కానీ తిండీ నీళ్లూ దాని చేతిలో లేవు. నడుమంతా తొర్రపడిన ఊరి చింతచెట్టు ఏటా చిగురుస్తూనే ఉండటానికి కారణం అదే. పోయింది చేవ, బయటి చెక్కా బెరడూ మిగిలే ఉన్నాయి.

మునక్కాయ నమిలితే

ఇక సంధాయక కణజాలాలకు ఉదాహరణ పప్పుచారులోని మునక్కాయ. చీకి మింగే గుజ్జు మృదు కణజాలం: పలుచని గోడలు, బతికున్న కణాలు, నీళ్లతో నిండినవి. నమిలి పక్కన పెట్టే పీచు దృఢ కణజాలం: మందపాటి గోడలు, లిగ్నిన్ నింపుకుని చచ్చిన కణాలు. ఈ రెంటి నడుమ మూడోది స్థూలకోణ కణజాలం. మూలల్లో మాత్రమే మందమెక్కి, బతికే ఉండి, వంగినా విరగకుండా ఆపుతుంది. లేత గుమ్మడితీగ కణుపుల మధ్య పైకి తేలిన గట్లలో, ఆకుకాడల్లో అది ఉంటుంది. గాలికి ఆకు ఊగి మళ్లీ తన చోటికి వచ్చేది దానివల్లే.

దృఢ కణజాలంలో రెండు రకాలు. పొడుగైనవి నారలు. పొలం గట్ల మీద పెరిగే కిత్తనార మట్టలను దంచి, గీరి తీసిన నారతో పలుపులూ మోకులూ పేనేవారు. పొట్టిగా గుండ్రంగా ఉండేవి శిలాకణాలు. కొండ సీతాఫలం తింటున్నప్పుడు తొక్క దగ్గర పంటికింద ఇసుకలా తగిలేవి అవే. ఇసుక పడిందని పండును తిట్టాల్సిన పని లేదు.

మృదు కణజాలం మాత్రం ఏ పని చెప్పినా చేస్తుంది. ఆకులో హరితం నింపుకుని తిండి వండుతుంది. కె.సి. కాలువ కింద వరిమళ్లలో నీళ్లలో మునిగిన వేళ్లకు గాలి గదులై ఊపిరి అందిస్తుంది. బ్రహ్మజెముడులో నీటి తొట్టి, ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ)లో నిల్వ గది.

ఆదోని పత్తి విషయంలో చాలామంది పొరబడతారు. దూదిని కూడా నార అనే అంటాం కాబట్టి అది కిత్తనార, జనపనారల చుట్టమే అనుకుంటాం. కాదు. దూదిపోగు పత్తిగింజ తోలుమీది వెంట్రుక, అంటే త్వచ కణజాలం. ఒక్కో పోగు ఒక్కటంటే ఒక్క కణం. మామూలు కణాన్ని చూడటానికి సూక్ష్మదర్శిని కావాలి, ఇది రెండు మూడు సెంటీమీటర్లు సాగి వేళ్ల మధ్య నలుగుతుంది. లిగ్నిన్ లేకపోవడం వల్లే అంత మెత్తన. అదే త్వచం ఆకుమీద మైనపు పూతతో నీటిని ఆపుతుంది, పత్రరంధ్రాలతో గాలిని లోపలికి రానిస్తుంది. ఎండ కాసే పగలంతా రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డ రాత్రి తెరిచే కలబంద, బ్రహ్మజెముడు ఈ సీమకు తగిన మొక్కలు. త్వచాన్ని చూడాలంటే బడి ల్యాబులో చేసినట్టు ఎర్రగడ్డ పొరను వంచి విరిచి, లోపలివైపు లేచే సన్నని తెరను గాజుపలక మీద పరిచి చూడటమే సులువు. ఇటుకలు పేర్చినట్టు, సందు లేకుండా కనిపిస్తుంది.

ల్యాబు లేనివాళ్లకు ఒక చెనిక్కాయ చాలు. పొట్టు మీద వలలా కనిపించే గీతలు నాళాల దారులు. పొట్టు గట్టిదనం దృఢ కణజాలానిది. గింజను కప్పిన ఎర్రటి పలుచని పొర విత్తన తోలు. రెండు బద్దలు నూనె దాచుకున్న మృదు కణజాలం. బద్దలు విడదీస్తే ఒక కొసన చిన్న ముక్కు కనబడుతుంది, అందులో వేరు మొన, కాండం మొన రెండూ ఉన్నాయి. మొక్క మొత్తం పుట్టేది అక్కడినుంచే, పొట్టు తీశాక దానిమీద ఉన్న రక్షణ మాత్రం ఆ పలుచని ఎర్రపొర ఒక్కటే. మిషన్ దెబ్బకు ఆ ముక్కు నలిగినా, బద్దలు విడిపోయినా గింజ నూనె గానుగకు పనికొస్తుంది కానీ విత్తనానికి పనికిరాదు. విత్తనం కాయలను పొట్టుతోనే దాచి, వాన పడేముందు చేత్తో ఒలిచే అలవాటు అందుకే ఇంకా పోలేదు.